బిళ్ళ మానకుండా బిల్లు తగ్గించుకున్నాం

పెన్షన్ పడగానే మా ఇంట్లో మొదటి కోత మందుల షాపుదే. మా ఆయనకు షుగరు, బీపీ రెండూ. నాకు బీపీ. 2025 వేసవిలో నెల బిల్లు 4,200 దాటింది. ఇప్పుడు 1,900కు అటూ ఇటూగా ఉంటోంది. అవసరమైన బిళ్ళ ఒక్కటీ మానలేదు. ఏం చేశానో చెబుతాను.

ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ పేపరు పరిచి వరసగా పెట్టండి. పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. నాకు కళ్ళజోడుతో కూడా ఆనలేదు, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. నోటుబుక్కులో మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, స్ట్రిప్పులో ఎన్ని బిళ్ళలు, ధర, ఒక్కో బిళ్ళకు ఎంత పడింది రాయండి. ఈ చివరి గడే ముఖ్యం. 98 రూపాయల స్ట్రిప్పు చవక, 105ది ప్రియం అనుకునేదాన్ని. తీరా చూస్తే మొదటిదాంట్లో పది బిళ్ళలు, రెండోదాంట్లో పదిహేను!

అలా రాస్తుంటేనే ఇంకోటి బయటపడింది. టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మందు రెండు చోట్ల వచ్చింది, వేరే వేరే పేర్లతో. అంతకుముందు మా ఆయన జ్వరానికి ఒక ఆసుపత్రిలో చేరితే, ఇంటికి పంపేటప్పుడు బీపీకని ఒకటి రాశారు. ఇంట్లో ఉన్నదీ అదేనని మాకేం తెలుసు? రెండు నెలలు రెండూ వేసుకున్నారు. పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే ఎండలనుకున్నాం. డాక్టరమ్మకు నోటుబుక్కు చూపిస్తే వెంటనే ఒకటి తీసేయించారు. మీరు కూడా సొంతంగా తీసేయకండి, చూపించి అడగండి.

ఆవిణ్ణే రెండు ప్రశ్నలు అడిగాను. "ఇవే మందులు జనరిక్‌లో వాడొచ్చా? వీటిలో ఈమధ్య ధర తగ్గినవి ఉన్నాయా?" జనరిక్ అంటే కంపెనీ పెట్టుకున్న పేరుతో కాకుండా అసలు మందు పేరుతో అమ్మేది. రెండో ప్రశ్నే మాకు ఎక్కువ మిగిల్చింది. మా ఆయన షుగరుకు వేసుకునే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ళ ఒక్కటే అరవై రూపాయల దాకా పడేది. 2025 మార్చిలో పేటెంటు, అంటే ఒక్క కంపెనీకే ఉండే హక్కు, తీరాక చాలా కంపెనీలు అదే మందు చవకగా తెచ్చాయి. మేమేమో పాత చీటీ చూపించి పాత పేరుతోనే కొంటున్నాం. ఇప్పుడు పది రూపాయల లోపే. విల్డాగ్లిప్టిన్‌కు 2019లో, సిటాగ్లిప్టిన్‌కు 2022లో పేటెంటు తీరింది. ఇవీ షుగరు మందులే, వాడుతుంటే మీరూ అడిగి చూడండి.

డాక్టరమ్మ చీటీలో మందు అసలు పేర్లే రాసిచ్చారు. అది పట్టుకుని, జనరిక్ మందులు చవకగా అమ్మే ప్రభుత్వ పథకం షాపు జన ఔషధి కేంద్రానికి వెళ్తాను. వెళ్ళేముందు జన ఔషధి సుగమ్ యాప్‌లో ధర చూసుకుంటాను. ఒక్కోసారి సరుకు ఉండదు, అందుకే వారానికి సరిపడా బిళ్ళలు ఉండగానే బయల్దేరాలి. మెట్‌ఫార్మిన్ పక్కన ఎస్‌ఆర్ అని ఉంటే ఎస్‌ఆరే తెచ్చుకోండి. అది మెల్లగా కరిగే రకం, మామూలుది దానికి బదులు కాదు. నా బీపీ బిళ్ళ ఆమ్లోడిపిన్ మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తున్నారు. లైన్లో గంట పోతుంది, పోనీ.

ఇన్సులిన్ సంగతి మా అక్క వల్ల తెలిసింది. పెన్ను కార్ట్రిడ్జిలో 300 యూనిట్లు, మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే 40 రకం పది మిల్లీలీటర్ల సీసాలో 400. సీసా చవకే కానీ, దానికి ఎర్రమూత సిరంజీయే వాడాలి. నారింజ మూతది 100 రకానికి. అది తారుమారైతే ఎక్కించే మోతాదే మారిపోతుంది. మార్చేముందు డాక్టరు దగ్గరే చేయించి చూసుకోండి.

పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల షుగరు సగటు చెబుతుంది, నెలనెలా చేయించడం దండగ. ఏడాదికోసారి కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, కంటి పరీక్ష మాత్రం నేను మాననివ్వను.

ఇంకొకటి. అరవై దాటి, ఆరోగ్య బీమా లేనివాళ్ళ వైద్య ఖర్చుకు పాత పన్ను పద్ధతిలో ఏడాదికి 50,000 దాకా మినహాయింపు ఉంది, 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 80డి సెక్షన్. నగదుగా కడితే చెల్లదు. అందుకే ఫోనులోనే కట్టి, బిల్లు అడిగి తీసుకుంటాను. షాపు కుర్రాడు ఇప్పటికీ విసుక్కుంటూనే ఇస్తాడు.