బైక్‌కి ఎక్స్‌ట్రా లైట్లు: మిణుకుమంటే, బ్యాటరీ దిగిపోతే, ఎదుటివాళ్లు తిడితే

కొత్తగా బిగించిన లైట్లు సతాయిస్తే చాలామంది ముందు లైట్లే మార్చేస్తారు. తప్పు ఎక్కువగా వైరింగులోనే ఉంటుంది. ఇంకో జత కొనేముందు వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి.

లైటు మిణుకుమంటోంది, రేజ్ చేస్తే వెలుగు మారుతోంది

హెడ్‌లైట్ వైరుకే జాయింట్ కొట్టారేమో చూడండి. పాత చిన్న బైకుల్లో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా ఇంజన్‌లోని కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది. మీ ఎల్‌ఈడీ లైట్లకు కావాల్సింది బ్యాటరీ ఇచ్చే డీసీ. కాబట్టి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి, మధ్యలో ఫ్యూజు, రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే డబ్బా) ఉండాలి.

రిలే మీద నంబర్లు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు, 87కి లైట్లు, 85కి ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి చేరే వైరు), 86కి స్విచ్ మీదుగా తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు. 20 వాట్ల లైట్లు రెండైతే 40ని 12తో భాగించండి, సుమారు 3.3 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

బ్యాటరీ నుంచే ఇచ్చినా మిణుకుమంటే ఎర్త్‌ను అనుమానించండి. లైటు వేసి, మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్ లైటు ఎర్త్ వైరు మీద పెట్టండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే. పెయింట్ మీద బోల్టు బిగిస్తే జరిగేది ఇదే. పెయింట్ గీకడం కంటే, ఎర్త్ వైరును బ్యాటరీ మైనస్ దాకా లాగేయడమే నాకు నచ్చిన పద్ధతి.

పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవట్లేదు

86 వైరును నేరుగా బ్యాటరీకి ఇచ్చి ఉంటే, స్విచ్ ఆపడం మర్చిపోయిన రాత్రి బ్యాటరీ ఖాళీ అవుతుంది. దాన్ని తాళం వైరుకి మార్చండి. అది సరిగ్గానే ఉంటే ఇంజన్ నడుస్తుండగా, లైట్లన్నీ వేసి, మామూలుగా నడిపే రేజ్‌లో బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 13.5 పైన ఉంటే సరే. 13 కూడా రాకపోతే ఆ బైక్ చార్జింగ్ మీ లైట్లకు చాలట్లేదు. తక్కువ వాట్లవి పెట్టుకోక తప్పదు.

హ్యాండిల్ తిప్పితే ఫ్యూజు కొట్టేస్తోంది

ఫోర్క్ దగ్గర వైరు రాసుకుని తోలు ఊడి ఉంటుంది. పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి, వైరు కాలిపోతుంది. ఆ ముక్క మార్చి, స్లీవ్ తొడిగి, హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిరిగేంత వదులు ఉంచండి.

ఎదుటివాళ్లు తిడుతున్నారు

ఇది అన్నిటికంటే పెద్ద సమస్య. సింగిల్ రోడ్డు మీద కళ్లు చెదిరిన లారీ డ్రైవర్ వచ్చేది మన మీదికే. దూరం కొట్టే స్పాట్ లైట్లకు హెడ్‌లైట్ లో-బీమ్‌లా పైవెలుగు కత్తిరించి ఉండదు. వాటి 86 వైరును హై బీమ్ వైరుకి కలిపితే డిమ్ చేయగానే అవీ ఆరిపోతాయి. పైన చెప్పిన ఏసీ బైకుల్లో ఇది పనిచేయదు, వాటికి వేరే స్విచ్ ఉండాల్సిందే.

రోజూ వేసుకునేవైతే అడ్డంగా పరుచుకునే వెలుగున్న ఫాగ్ లైట్లు తీసుకుని, హెడ్‌లైట్ కంటే కిందే బిగించండి. గోడకు 25 అడుగుల దూరంలో బైక్ నిలబెట్టి, మీరు కూర్చుని, వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, ఎందుకంటే వెనక బరువు పడితే లైట్లు పైకి లేస్తాయి. గోడ మీద వెలుగు పైఅంచు లైటు ఎత్తుకి కనీసం 4 అంగుళాలు కింద ఉండాలి. లంబసింగి, అరకు దారుల్లో చలికాలపు మంచులో కూడా ఇలా కింద పరుచుకునే వెలుగే పనికొస్తుంది. పైకి కొట్టే స్పాట్ లైటు ముందు తెల్లతెర కడుతుంది. కంపెనీ ఇవ్వని లైట్లకు పోలీసులు చలానా రాసే అవకాశమూ ఉంది, ఊళ్లో ఆపేసుకోండి.

లైటు అద్దం లోపల నీటి ఆవిరి

పలుచటి తేమ వెలిగించిన కాసేపటికి పోతే పర్వాలేదు. నీటిచుక్కలు నిలిస్తే రబ్బరు సీల్ పోయినట్టే. విప్పి ఆరబెట్టి, అంచు చుట్టూ సిలికాన్ వేయండి. ప్రెషర్ వాటర్ సర్వీసింగ్‌లో పైపు లైట్ల మీదికి పెట్టొద్దని ముందే చెప్పండి.