కదిలిన బండి మీది కాదు: సంక్రాంతి రద్దీకి ముందు, వారం వారం రైల్లో తిరిగే ఉద్యోగులకు జాగ్రత్తలు

మళ్లీ అలాంటి వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. కదులుతున్న బండి, తలుపు కడ్డీ పట్టుకుని పరుగెడుతున్న మనిషి, వీపున లాప్‌టాప్ బ్యాగు. కాలు జారింది. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షక దళం) కానిస్టేబుల్ చొక్కా పట్టి ఇవతలికి లాగేశాడు. ఇలా లాగి కాపాడే పనికి ఆర్పీఎఫ్ 'మిషన్ జీవన్ రక్ష' అని ఒక పేరే పెట్టుకుందంటే ఇవి ఎంత మామూలైపోయాయో చూడండి. పైగా వీడియోల్లో మనం చూసేది ఎక్కువగా బతికి బయటపడ్డవాళ్లనే. ప్లాట్‌ఫాం చివర, కెమెరా లేనిచోట, కానిస్టేబుల్ లేనిచోట జరిగేవి ఎవరి ఫోన్లోకీ రావు.

2022 డిసెంబరులో దువ్వాడ స్టేషన్లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుంటూరు–రాయగడ ఎక్స్‌ప్రెస్ దిగుతూ జారిన ఒక కాలేజీ అమ్మాయి బండికీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఇరుక్కుపోయింది. గట్టు పగలగొట్టి బయటికి తీశారు. తీసినప్పుడు ప్రాణంతోనే ఉంది. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయింది.

ఈ జాగ్రత్తలు ఏడాదికోసారి తిరుపతి వెళ్లేవాళ్లకు కాదు. ఉద్యోగం ఒక ఊళ్లో, ఇల్లు ఇంకో ఊళ్లో ఉండి శుక్రవారం సాయంత్రం గోదావరో గౌతమో నారాయణాద్రో పట్టుకుని, ఆదివారం రాత్రి మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చేవాళ్లకు. సూట్‌కేసుకు గొలుసు వేసుకోండి, కొత్తవాళ్లు ఇచ్చిన బిస్కెట్లు తినకండి లాంటివి మీకు నేను చెప్పనక్కర్లేదు. మీకు రైలు బాగా తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది.

"ఇక్కడ పది నిమిషాలు ఆగుతుంది"

నేను చూసినంతలో కొత్త ప్రయాణికుడు బండి వదిలి కదలడు. నీళ్ల కోసమో టీ కోసమో దిగి, ఫోన్ మాట్లాడుతూ ప్లాట్‌ఫాం సగం దూరం నడిచేది పాత కాపులే. ఎవరైనా వారిస్తే, "ఏం కాదన్నా, ఈ బండి ఇక్కడ పది నిమిషాలు ఆగుతుంది, నేను వారం వారం చూస్తున్నా కదా" అంటారు. విజయవాడలో చాలా బండ్లకు టైంటేబుల్లో పది నిమిషాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ పది నిమిషాలు బండి టైముకు వచ్చినప్పుడు మాత్రమే.

టైంటేబుల్లో వేసిన బయల్దేరే సమయం కంటే ముందు బండి కదలకూడదు. ఆలస్యంగా వచ్చిన బండికి ఆ సమయం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పోయిన టైము కూడదీసుకోవాలి కాబట్టి, పని అయిపోయి సిగ్నల్ పడిందంటే చాలు, లాగించేస్తారు. పది నిమిషాల హాల్టు నాలుగైపోతుంది, మూడైపోతుంది. ఎవరూ మైకులో "ఈసారి తక్కువసేపు ఆగుతాం" అని చెప్పరు.

ఇక సీజన్ సంగతి. డిసెంబరు, జనవరిలో ఉత్తరాది నుంచి వచ్చే బండ్లు పొగమంచులో చిక్కుకుని గంటల తరబడి ఆలస్యమవుతాయి. వచ్చిన బోగీల వరసనే కడిగి తిరిగి పంపాలి కాబట్టి ఆ ఆలస్యం తర్వాతి ప్రయాణానికీ అంటుకుంటుంది. దానికి తోడు సంక్రాంతి స్పెషల్ బండ్లు. విజయవాడ–విశాఖ లైను మామూలు రోజుల్లోనే కిటకిట. అంటే ఏ నెలలో మీరు హాల్టు టైము మీద ఎక్కువ నమ్మకం పెట్టుకుంటారో ఆ నెలలోనే ఆ లెక్క పనికిరాకుండా పోతుంది.

అప్పుడు బండి కదులుతుంది, మీరు ప్లాట్‌ఫాం మీద ఉంటారు. లాప్‌టాపూ పర్సూ లోపలే. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు బయోమెట్రిక్. పరుగెడతారు.

పరుగెత్తొద్దు. కదిలిన బండి మీది కాదు.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "నిదానంగానే కదులుతోంది కదా" అనే మాటే మనుషుల్ని తీసుకెళ్లింది. గంటకు 10 కిలోమీటర్లు అంటే వినడానికి సైకిల్ వేగం. కానీ అది సెకనుకు దాదాపు మూడు మీటర్లు. ఎల్‌హెచ్‌బీ బోగీ (ఇప్పుడు ఎక్కువగా కనిపించే కొత్త రకం బోగీ) పొడవు 23 మీటర్ల పైన. అంటే ఎనిమిది తొమ్మిది సెకన్లలో ఒక బోగీ మీ ముందు నుంచి వెళ్లిపోతుంది, ఆలోగా బండి ఇంకా వేగం అందుకుంటుంది కూడా. పైగా ఎల్‌హెచ్‌బీ బోగీలూ కరెంటు ఇంజినూ కలిసి బయల్దేరితే పాత రోజుల్లోలా బఫర్ల చప్పుడు వినిపించాలనేం లేదు. మెత్తగా జారుకుంటుంది. మీరు తలెత్తేసరికే సమయం మించిపోయి ఉంటుంది.

రెండోది, చెయ్యి. బోగీ నేల ప్లాట్‌ఫాం కంటే ఎత్తులో ఉంటుంది, అందుకే మధ్యలో మెట్టు. కడ్డీ పట్టుకోగానే మీ పై ఒళ్లు బండితో పాటు ముందుకు పోతుంది, కాళ్లు నేల మీద వెనకబడతాయి. మెట్టు అందక కాలు జారిన క్షణాన మనిషి సహజంగా చేసే పని కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకోవడం. వదిలేస్తే ప్లాట్‌ఫాం మీద పడి మోకాళ్లు చీరుకుపోయేవి. వదలకపోవడం వల్ల బండి ఆ మనిషిని ఈడ్చుకుంటూ సందులోకి లాక్కుంటుంది. ఒక చేతిలో ట్రాలీ, ఇంకో చెయ్యి కడ్డీ మీద, వీపున ఆరేడు కిలోల బ్యాగు వెనక్కి లాగుతూ ఉంటే ఇక చెప్పేదేముంది.

టీ కావాలంటే తలుపు దగ్గర నిలబడి పిలవండి. దిగక తప్పకపోతే మీ బోగీ తలుపు ముందు నుంచి కదలొద్దు, ఫోనూ పర్సూ జేబులోనే పెట్టుకుని దిగండి. అవి జేబులో ఉన్న మనిషి బండి వదులుకోగలడు. అవి లోపల ఉంటేనే పరుగు మొదలవుతుంది. ప్లాట్‌ఫాం మీదికి ఆలస్యంగా వచ్చి మీ బోగీ ఎక్కడో దూరంగా ఉంటే, బండి ఆగి ఉండగానే ఎదురుగా ఉన్న తలుపులోకి ఎక్కేసి లోపల నుంచి నడవండి. రిజర్వుడు బోగీల మధ్య మామూలుగా దారి ఉంటుంది. జనరల్ బోగీ నుంచి ఉండకపోవచ్చు, అందులోకి ఎక్కితే తర్వాతి స్టేషన్లో బండి ఆగాక మారండి.

దిగేటప్పుడు కూడా అదే తప్పు

ఇంకో రకం ప్రమాదం తెల్లవారుజామున. తుని, అనకాపల్లి, సామర్లకోట లాంటి చోట్ల హాల్టు ఒకటి రెండు నిమిషాలే. నిద్రలో ఉన్న మనిషికి ఊరి పేరు చెవిన పడుతుంది, గభాలున లేస్తాడు, చెప్పులు వెతుక్కుంటాడు, మిడిల్ బెర్త్‌కు తల తగులుతుంది, తలుపు దగ్గరికి వచ్చేసరికి బండి కదిలి ఉంటుంది. గాఢనిద్ర నుంచి లేచిన మెదడు పూర్తిగా తేరుకోవడానికి పావుగంట, అరగంట పట్టొచ్చు. ఆ మెదడుతో, చీకట్లో, ప్లాట్‌ఫాం ఎక్కడ అయిపోతుందో కనపడకుండా దూకడం. నేను చూసిన అన్ని పిచ్చి పనుల్లోకీ ఇది పెద్దది.

స్టేషన్ దాటిపోతే ఏమవుతుంది? తునిలో దిగాల్సినవాళ్లు అనకాపల్లిలో దిగుతారు. టీటీఈకి చెప్పి మిగతా దూరానికి టికెట్ రాయించుకుంటారు. వెనక్కి వచ్చే బండి కోసం కూర్చుంటారు. పోయేది రెండు మూడు గంటలు, కాస్త డబ్బు, ఇంట్లో వాళ్ల చేత నాలుగు చీవాట్లు. దాటిపోతే దాటిపోనివ్వండి. కదిలిన బండి మీది కాదన్నది ఎక్కేవాళ్లకే కాదు, దిగేవాళ్లకూ.

పడుకునే ముందు బండి ఎంత లేటో ఎన్‌టీఈఎస్‌లో (బండి ఎక్కడుందో చూపించే రైల్వే యాప్) చూసి దాన్ని బట్టి అలారం పెట్టుకోండి, స్టేషన్‌కు అరగంట ముందుకు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తే, దిగే స్టేషన్ వచ్చేముందు లేపే డెస్టినేషన్ అలర్ట్ పెట్టుకోవచ్చు, కానీ దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చాలా బండ్లలో రాత్రి 11 నుంచి 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేస్తారు. ఫోను చచ్చిపోతే అలారమూ చచ్చిపోతుంది. పదకొండులోపు నింపుకోండి.

పరుగుకు అసలు కారణం

పరుగు మొదలయ్యేది ప్లాట్‌ఫాం మీద కాదు, టికెట్ తీసుకునేటప్పుడు. ఎనిమిదిన్నరకు చేరే బండి, తొమ్మిదిన్నరకు ఆఫీసు అని లెక్క వేసుకున్నవాళ్లకు ప్రతి నిమిషం టెన్షనే. ఈ రెండు నెలలూ ఒక బండి ముందుది చూసుకోండి. లేదా సోమవారం మధ్యాహ్నం దాకా పని పెట్టుకోవద్దని ఆదివారమే మీ పైవాళ్లకు చెప్పేయండి. మొహమాటపడే విషయం కాదిది.

2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకుముందు 120 ఉండేది. కాబట్టి రెండు పండగల టికెట్లూ ఒకేసారి కొట్టేయడం కుదరదు, తేదీ రాసి పెట్టుకోవాలి. ఆన్‌లైన్ వెయిట్‌లిస్ట్ టికెట్ చార్ట్ అయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది. దాన్ని చూపించి స్లీపర్‌లో సర్దుకుందాం అనుకుంటే చివరికి తలుపు దగ్గరే నిలబడాల్సి వస్తుంది. నిలబడే చోటు అదైతే ఆ ప్రయాణం మానుకోండి. బండి మీ స్టేషన్లో మూడు గంటలకు మించి లేటైతే, ఎక్కకుండా ఉండి, బండి అక్కడి నుంచి కదిలేలోపు టీడీఆర్ (టికెట్ డబ్బు వాపసుకు ఆన్‌లైన్ దరఖాస్తు) వేస్తే పూర్తి డబ్బు వస్తుంది. చాలామందికి ఇది తెలిసీ వాడుకోరు.

స్టేషన్ పేరు కూడా చూసుకోండి. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది, సికింద్రాబాద్ పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని బండ్లు అటు మారాయి. అలవాటుగా సికింద్రాబాద్ వెళ్లి, అక్కడ తెలిసి, క్యాబ్‌లో పరుగెత్తి, చర్లపల్లి మెట్ల మీద ఉరికేవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ప్లాట్‌ఫాం మారిందని మైకులో వినగానే గుంపుతో పాటు మెట్ల మీదికి ఉరకొద్దు. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్లో తొక్కిసలాట జరిగింది మెట్ల మీదే. 18 మంది పోయారు. ఒకే ఊరి పేరుతో ఉన్న రెండు బండ్ల అనౌన్స్‌మెంట్ల దగ్గర జనం గందరగోళపడ్డారు. పేరు కాదు, అయిదంకెల నంబరు చూడండి.

ఫుట్‌బోర్డు మీద కూర్చోవద్దు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర రెండు లోకల్ బండ్లు వంపులో ఒకదాన్నొకటి దాటుతుంటే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లే రాలిపోయారు.

తలుపు దగ్గర ఫోన్ మాట్లాడొద్దు. స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించినప్పుడు దొంగలు కింద నుంచి కర్రతో చేతి మీద కొడతారు. ఫోను పోతే పోనివ్వండి, దాని వెనకాల వంగొద్దు.

బోగీలో ఎవరో "మంటలు" అని అరిచారని పక్క పట్టాల మీదికి దూకొద్దు. 2025 జనవరిలో జల్‌గావ్ దగ్గర పుష్పక్ ఎక్స్‌ప్రెస్‌లో పుట్టిన పుకారుకు అలా దిగినవాళ్ల మీదికి పక్క లైన్లో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ వచ్చేసింది. దిగాల్సి వస్తే పట్టాలు లేని వైపు దిగండి. ఎమర్జెన్సీ కిటికీ ఎక్కడుందో ఎక్కగానే చూసుకోండి.

ఛార్జింగ్ పాయింట్‌కు కరెంటు కెటిల్ పెట్టొద్దు. ఎవరైనా పెడితే ఊరుకోవద్దు.

పీఎన్‌ఆర్ ఇంట్లో వాళ్లకు పంపండి. ప్రతిసారీ.

అనుకోకుండా బండి మీద నుంచి పడితే రైల్వే చట్టం 124ఎ కింద పరిహారం ఉంది, ఎక్కుతూ దిగుతూ పడ్డా వర్తిస్తుందని 2018లో సుప్రీంకోర్టు రీనాదేవి కేసులో చెప్పింది. ప్రాణం పోతే 8 లక్షలు. ఇది ఇంట్లో వాళ్లు తెలుసుకోవాల్సిన విషయం, మీరు ధైర్యం తెచ్చుకోవాల్సిన విషయం కాదు.

వందే భారత్‌లో సాగనంపడానికి లోపలికి ఎక్కొద్దు. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. 2023లో రాజమండ్రిలో సెల్ఫీ కోసం ఎక్కినాయన దిగలేక బండితో పాటే వెళ్లిపోయాడు.

చెప్పుల్లో కాదు, పట్టు ఉన్న బూట్లలో ప్రయాణించండి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి దిగొద్దు.

ఇంకొకరు దిగి బండి తప్పిపోతే కంగారుపడి మీరు కదిలే బండి నుంచి దిగొద్దు. ఆయన సామాను తర్వాతి స్టేషన్లో ఆర్పీఎఫ్‌కు అప్పగించి, 139కి చెప్పండి.

పరిగెత్తుకొస్తున్న స్నేహితుడికి లోపల నుంచి చెయ్యి అందించొద్దు. ఆ చెయ్యి కనపడకపోతే అతను ఆగిపోయేవాడు. "వదిలెయ్, ఆగు" అని అరవండి. అప్పటికే కడ్డీకి వేలాడుతున్నాడా, గొలుసు లాగండి. ఊరికే లాగితే రైల్వే చట్టం 141 సెక్షన్ కింద శిక్ష ఉంది, దీనికి లాగితే లేదు. ఆలోచిస్తూ నిలబడొద్దు, లాగండి.