వేగమా, కోటానా: మొబైల్ డేటా ప్లాన్ ఎంచుకునే ముందు వేసుకోవలసిన లెక్క

ఒకే ధరకు రెండు ప్లాన్లు మీ ముందు ఉన్నాయనుకోండి. మొదటిది సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో నెలకు 20 జీబీ ఇస్తుంది. రెండవది 10 మెగాబిట్ల వేగంతో 100 జీబీ ఇస్తుంది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది వేగమే కనుక చాలామంది చూపు అటే పోతుంది. అయితే ఈ రెండింటికీ స్వభావంలోనే తేడా ఉంది. ఏ పనికైనా ఇంత వేగం చాలు అనే హద్దు ఒకటి ఉంటుంది, ఆ హద్దు దాటాక వచ్చే అదనపు వేగం చాలా పనులలో మన అనుభవానికి అందదు. కోటా సంగతి వేరు, అది ఉన్నంతవరకే వేగానికి విలువ. అందువల్ల మన పనులకు కావలసిన కనీస వేగం ఎంతో ముందుగా తేల్చుకుని, అది మనం ఉండే చోట నిజంగా అందుతుందని చూసుకున్న తరువాత, మిగిలిన డబ్బును కోటా మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం. దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని కూడా చెబుతాను.

లెక్క మొదలుపెట్టే ముందు కొలతలు సరిచూసుకోవాలి. వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, కోటాను గిగాబైట్లలో చెబుతారు. ఒక బైట్‌కు 8 బిట్లు. ఈ తేడాను గమనించకపోవడం వల్లనే, వంద అని రాసిన ప్లాన్‌లో సెకనుకు 100 మెగాబైట్లు (ఎంబీ) దిగుతాయని కొందరు పొరబడతారు. నిజానికి దిగేది పన్నెండున్నర ఎంబీ మాత్రమే. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో గంటసేపు ఆగకుండా డేటా వస్తే 450 ఎంబీ ఖర్చవుతుంది. ఈ ఒక్క సంఖ్యను గుర్తు పెట్టుకుంటే మిగిలిన లెక్కలన్నీ నోటితోనే చేసుకోవచ్చు. ఐదు మెగాబిట్ల వేగంతో గంటకు 2.25 జీబీ, వంద మెగాబిట్ల వేగంతో గంటకు 45 జీబీ. అంటే పైన చెప్పిన మొదటి ప్లాన్‌ను పూర్తి వేగంతో వాడితే 20 జీబీ కోటా 27 నిమిషాలలోపే అయిపోతుంది, రెండవది 22 గంటలకు పైగా వస్తుంది. పూర్తి వేగంతో ఆపకుండా ఎవరూ వాడరు, నిజమే. కానీ ఆ ప్లాన్‌లో వేగానికీ కోటాకూ పొంతన ఎంత తక్కువో ఈ లెక్క చూపిస్తుంది.

ఇక ఏ పనికి ఎంత వేగం కావాలో చూద్దాం. 720పీ వీడియోకు 3 మెగాబిట్లు, 1080పీ వీడియోకు 5 మెగాబిట్లు, 4కే వీడియోకు 15 మెగాబిట్లు ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. చేతిలో పట్టుకుని చూసే ఫోన్ తెర మీద 4కే వల్ల కలిగే ప్రయోజనం దాదాపు లేదు కనుక, ఒక్కరే ఫోన్‌లో చూసుకునేటప్పుడు ఐదు మెగాబిట్లను పై హద్దుగా పెట్టుకోవచ్చు. పాటలు మంచి నాణ్యత ఉన్న 320 కిలోబిట్ల స్థాయిలో విన్నా గంటకు 144 ఎంబీ మించదు. ఇద్దరి మధ్య 720పీ వీడియో కాల్‌కు అటు 1.2 మెగాబిట్లు, ఇటు 1.2 మెగాబిట్లు కావాలని జూమ్ చెబుతుంది. ఇక్కడ వేగం తక్కువే చాలుతుంది కానీ, పంపేదీ అందుకునేదీ రెండూ కోటాలోనే లెక్కపడతాయి కనుక గంట కాల్‌కు ఒక జీబీకి పైగా ఖర్చవుతుంది. రెండున్నర ఎంబీ ఉండే వెబ్ పేజీ పది మెగాబిట్ల వేగంతో రెండు సెకన్లలో దిగుతుంది. అంతకు మించి వేగం కొన్నా, ఆ పేజీని పంపే సర్వర్ ఎంత త్వరగా స్పందిస్తుందన్న దాని మీదనే మిగిలిన ఆలస్యం ఆధారపడుతుంది.

ఆన్‌లైన్ ఆటల విషయంలో ఒక అపోహ ఉంది. ఆట ఆడుతున్నంతసేపూ వెళ్లే డేటా చాలా స్వల్పం, గంటకు కొన్ని పదుల ఎంబీలు. ఆటను చెడగొట్టేది వేగం తగ్గడం కంటే స్పందనలో జాప్యం. మనం నొక్కిన మీట సమాచారం సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్ల సంగతి ఇది. ఎక్కువ మెగాబిట్ల ప్లాన్ కొన్నంత మాత్రాన ఆ జాప్యం తగ్గదు. ఫోన్ సంభాషణకూ ఇదే వర్తిస్తుంది. ఒక దిశలో జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటలు సహజంగా సాగుతాయని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం చెబుతుంది. కాబట్టి ఆటల కోసమే ఖరీదైన వేగం కొనదలచిన వారు ముందుగా తమ చోట పింగ్ (ఆ రాకపోకలకు పట్టే జాప్యం) ఎంత ఉందో కొలుచుకోవాలి.

ఎక్కువమంది గమనించని అసలు విషయం ఒకటి ఉంది. వేగం పెరిగితే అలవాట్లు మారకపోయినా ఖర్చు పెరుగుతుంది. నేటి వీడియో యాప్‌లు నెట్‌వర్క్ వేగాన్ని క్షణక్షణం కొలుస్తూ, ఎంత వేగం దొరికితే అంత మంచి నాణ్యతను వాటంతట అవే ఎంచుకుంటాయి. నెట్‌ఫ్లిక్స్ చెప్పిన లెక్క ప్రకారం సాధారణ నాణ్యతలో గంటకు 0.7 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు ఖర్చవుతుంది. నిన్నటివరకు నిదానమైన ప్లాన్‌లో గంటకు 0.7 జీబీ వాడిన మనిషి, కొత్త ప్లాన్‌లో అదే కార్యక్రమాన్ని అదే తెర మీద చూస్తూ నాలుగు రెట్లు ఖర్చు చేయవచ్చు. కోటా పెరగకుండా వేగం మాత్రమే పెరిగిన ప్లాన్‌కు మారిన వారికి నెల మధ్యలోనే డేటా అయిపోవడానికి తరచుగా ఇదే కారణం. అందుచేత వేగవంతమైన ప్లాన్ తీసుకున్న రోజునే ప్రతి వీడియో యాప్‌లోనూ మొబైల్ డేటాకు వర్తించే నాణ్యతను 480పీ దగ్గరో 720పీ దగ్గరో స్థిరపరచండి. ఆండ్రాయిడ్‌లో 2016 నుంచి డేటా సేవర్, ఐఫోన్‌లో 2019 నుంచి లో డేటా మోడ్ అందుబాటులో ఉన్నాయి. తెర వెనుక యాప్‌లు వాడే డేటాను అవి తగ్గిస్తాయి.

ప్లాన్ మీద రాసిన వేగం మన గదిలో అందే వేగం కాదు. ఒక టవర్ పరిధిలో ఉన్నవారందరూ ఒకే సామర్థ్యాన్ని పంచుకుంటారు కనుక, అందరూ ఫోన్లు పట్టుకునే రాత్రివేళ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. టవర్ పంపే తరంగాలలో తక్కువ పౌనఃపున్యమున్న 700 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్లి గోడలను దాటగలవు కానీ వాటితో అందే డేటా వేగం తక్కువ, 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలతో డేటా వేగం ఎక్కువే కానీ వాటి పరిధి చిన్నది. 5జీ సాంకేతికతకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2017లో పెట్టిన కనీస అర్హతలనే చూడండి: గరిష్ఠ వేగం సెకనుకు 20 గిగాబిట్లు, వాడుకరి అనుభవంలోకి వచ్చే డౌన్‌లోడ్ వేగం 100 మెగాబిట్లు. ప్రమాణం రాసినవారే ఈ రెండింటి మధ్య రెండువందల రెట్ల అంతరాన్ని అంగీకరించారు.

కాబట్టి కొలిచి చూడండి. మీరు ఎక్కువగా కూర్చునే చోటనే, వైఫై ఆపివేసి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య రెండుమూడు రోజులపాటు స్పీడ్ టెస్ట్ చేయండి. ప్రతి పరీక్షకూ డేటా ఖర్చవుతుందని మరవద్దు. వంద మెగాబిట్ల వేగంతో పదిహేను సెకన్ల పరీక్షకు ఒక్క డౌన్‌లోడ్ వైపే 190 ఎంబీ దాకా పోతుంది. మీ ప్లాన్ పరిమితి యాభై మెగాబిట్లు ఉండగా రాత్రి మీకు ఆరు మాత్రమే అందుతున్నదంటే, అడ్డు ప్లాన్‌లో కాదు, టవర్ దగ్గర ఉంది. అప్పుడు అదే నెట్‌వర్క్‌లో వేగవంతమైన ప్లాన్‌కు డబ్బు పెట్టడం వృథా. వేరే నెట్‌వర్క్ సిమ్ ఉన్న మిత్రుడి ఫోన్‌తో అదే చోట, అదే సమయంలో పరీక్షించి, అక్కడ మెరుగ్గా ఉంటే నెట్‌వర్క్‌నే మార్చుకోవాలి.

తరువాత మీ వాడకం. ఫోన్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం యాప్‌ల వారీగా కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఈ లెక్క నెలనెలా దానంతట అది సున్నాకు రాదు కనుక, ప్లాన్ మొదలైన రోజున మీరే రీసెట్ చేయాలి. మూడు నెలల లెక్క చూసి, వాటిలో ఎక్కువ వాడిన నెలను ప్రమాణంగా తీసుకోండి, సగటును కాదు. డేటా చాలకపోయేది ఎక్కువ అవసరం పడిన నెలలోనే కదా. కోటా రోజువారీదా, నెలవారీదా అన్నది కూడా చూడాలి. రోజుకు 2 జీబీ చొప్పున 28 రోజులకు 56 జీబీ అని కాగితం మీద ఉంటుంది కానీ, వారమంతా తక్కువ వాడి సెలవురోజున నాలుగైదు గంటలు వీడియోలు చూసేవారికి ఆ 56లో సగం కూడా దక్కకపోవచ్చు. అలాంటివారికి 40 జీబీ నెలవారీ కోటా ఎక్కువ మేలు.

ప్రకటనల్లో చిన్న అక్షరాలలో ఉండే మూడవ సంఖ్య కోటా అయిపోయాక అందే వేగం. నన్ను అడిగితే ముందు చూడవలసింది దీన్నే. అది 64 కిలోబిట్లైతే రెండున్నర ఎంబీ పేజీ తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు దాటుతుంది; సందేశాలు తప్ప మరేమీ నడవవు. అదే 1 మెగాబిట్ అయితే పాటలు, మ్యాపులు, మాటల కాల్స్, తక్కువ నాణ్యతలో వీడియో కూడా సాగుతాయి. ఆ వేగంతోనే రోజంతా వాడుకుంటే 10.8 జీబీ అవుతుంది. అందువల్ల తరువాత 1 మెగాబిట్ ఇచ్చే 30 జీబీ ప్లాన్, తరువాత 64 కిలోబిట్లకు పడిపోయే 40 జీబీ ప్లాన్ కంటే నా దృష్టిలో మెరుగైనది.

వేగానికే మొగ్గు చూపవలసిన వారు లేకపోలేదు. పెద్ద ఫైళ్లు పంపే వృత్తిలో ఉన్నవారికి అప్‌లోడ్ వేగం సమయంతో సమానం. 2 జీబీ వీడియోను 5 మెగాబిట్ల వేగంతో పంపడానికి 53 నిమిషాలు పడితే, 25 మెగాబిట్లతో పదకొండు నిమిషాలలోపే వెళుతుంది. ప్లాన్‌లో చెప్పేది సాధారణంగా డౌన్‌లోడ్ వేగమే కనుక వీరు అప్‌లోడ్‌ను విడిగా కొలుచుకోవాలి. ఒకే ఫోన్ హాట్‌స్పాట్ మీద ముగ్గురు నలుగురు ఆధారపడే ఇంట్లో అందరి అవసరాలూ కూడుకుని పదిహేను, ఇరవై మెగాబిట్లకు చేరుతాయి. అక్కడ వేగమూ కోటా రెండూ కావాలి, పైగా హాట్‌స్పాట్‌కు విడిగా పరిమితి ఉందేమో నిబంధనల్లో చూడాలి. ఇంటా కార్యాలయంలోనూ వైఫై ఉండి, దారిలో మాత్రమే మొబైల్ డేటా వాడేవారికి కోటా చిన్నదైనా ఇబ్బంది లేదు.

మొబైల్ డేటా తప్ప వేరే ఇంటర్నెట్ లేనివారి పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. రోజుకు రెండు గంటలు గంటకు 0.7 జీబీ చొప్పున పాఠాలు చూసే విద్యార్థికి ముప్పై రోజులకు 42 జీబీ కావాలి. పైన చెప్పిన 20 జీబీ ప్లాన్ అతనికి పదిహేనో రోజున ఆగిపోతుంది, అప్పుడు ఆ వంద మెగాబిట్ల వేగం అతనికి ఎందుకూ కొరగాదు.

ప్లాన్ మార్చేటప్పుడు మొదటిసారే ఏడాదికి డబ్బు కట్టకుండా, దొరికినంత తక్కువ గడువుకు తీసుకోండి. 28 రోజుల ప్లాన్ అయితే, మొదటి ఏడు రోజుల వాడకం మొత్తం కోటాలో నాలుగోవంతు దాటితే, వీడియో నాణ్యతను ఒక మెట్టు దించి మరో వారం చూడండి. అప్పటికీ దాటుతూ ఉంటే తరువాతి రీచార్జికి పెద్ద కోటా ఉన్న ప్లాన్‌కు మారండి.