కార్బొరేటర్ చుట్టూ గాలి ఎక్కడ లాగుతోందో పట్టుకోవడం

పాత మారుతి 800 గానీ పద్మిని గానీ అంబాసిడర్ గానీ సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానే ఊగిసలాడి ఆగిపోతుంటే, చాలామంది ముందు పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ స్క్రూ తిప్పేస్తారు. దయచేసి తిప్పకండి. గాలిదారి తలుపైన థ్రాటిల్ కింద ఎక్కడో కొలతలేని గాలి దూరుతుంటే పెట్రోలు వాటా తగ్గుతుంది. స్క్రూ తిప్పితే ఆ లోపం మీద ముసుగు పడుతుందే గానీ పోదు.

హైవేలో బండి బాగానే పోతుంది, బాధంతా యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ నెమ్మదిగా తిరిగే ఐడ్లింగ్‌లోనే. అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ తాగే గాలి తక్కువ, కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి దారైన మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ (పీల్చే శక్తి) ఎక్కువ. అందుకే చిన్న బెజ్జం కూడా పెద్ద వాటా లాగేస్తుంది. ఇంజిన్ వేడెక్కాక చోక్ కొద్దిగా లాగి చూడండి. ఐడ్లింగ్ కుదుటపడితే మిక్స్చర్ (పెట్రోలు, గాలి మిశ్రమం) పెట్రోలు తక్కువై లీన్‌గా ఉన్నట్టే. ఐడ్లింగ్ పెట్రోలు వచ్చే సన్నటి స్లో జెట్ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు కూడా మిక్స్చర్‌ని కొంత లీన్ చేస్తుంది. కాబట్టి చోక్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మొద్దు.

వ్యాక్యూమ్ గేజ్ ఉంటే మ్యానిఫోల్డ్ పోర్టుకి తగిలించండి. ఇక్కడ బెంగళూరు వాళ్లు తరచూ పొరబడతారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలత) చూపాలన్నది చెన్నైలాంటి సముద్రమట్టపు ఊళ్ల లెక్క. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున, అంటే మూడు వేల అడుగుల మీద ఉంది. ప్రతి వెయ్యి అడుగులకీ ఒక అంగుళం చొప్పున మూడు తీసెయ్యాలి. అంటే ఇక్కడ 15 చూపినా కంగారు పడనక్కర్లేదు. ముల్లు కదలకుండా 14కి బాగా కింద నిలబడితేనే అనుమానించాలి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడినా ముల్లు అలాగే పడిపోతుంది, అదీ చూసుకోండి.

ఇక వెతుకులాట. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండోది హోస్‌ల వెంట మెల్లగా తిప్పండి. ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా ఉండండి. లీకు దగ్గరికి రాగానే ‘సుయ్’మనే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత ప్లయర్‌కి గుడ్డ చుట్టి ఒక్కో హోస్‌ని నొక్కండి. నొక్కగానే ఐడ్లింగ్ మారితే లోపం ఆ హోస్‌లోనో, దాని అవతలి కొసనో ఉంది. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ లాక్కునే పీసీవీ హోస్ విషయంలో మాత్రం కొంత మార్పు సహజం. పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ హోస్ నొక్కితే ఐడ్లింగ్ మారి, పెడల్ కూడా గట్టిగా ఉంటే బూస్టర్ లోపలి రబ్బరు పొర డయాఫ్రమ్‌ని చూడాలి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ హోస్‌ని చాలా బండ్లలో ఐడ్లింగ్‌లో పరీక్షించి లాభం లేదు, అక్కడికి వ్యాక్యూమ్ థ్రాటిల్ తెరిచాకే వస్తుంది. హోస్ ఊడదీసి నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకోండి. పట్టు నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగినట్టే.

కార్బొరేటర్ అడుగు ప్యాకింగ్, మ్యానిఫోల్డ్ అంచు, థ్రాటిల్ షాఫ్ట్ కొసలు, వీటికి స్ప్రే బాటిల్‌లో సబ్బునీళ్లు చాలు. సన్నగా కొట్టండి, డిస్ట్రిబ్యూటర్ తడవకూడదు. లీకున్న చోట నీళ్లు లోపలికి పోయి ఇంజిన్ శబ్దం మారుతుంది. కార్బొరేటర్ కడిగే స్ప్రే (కార్బ్ క్లీనర్) కొట్టడం, అగరుబత్తీ పొగ పెట్టడం వద్దు. అంబాసిడర్‌లో కాలుతున్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఆ పక్కనే ఉంటుంది, మంట అంటుకుంటుంది.

హోస్ కొనను వేళ్లతో వంచి చూడండి. బిరుసెక్కిన రబ్బరు మీద సన్నటి పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. పొడవు సరిపోతే ఒక సెంటీమీటరు కోసి మళ్లీ తొడగొచ్చు, లేదంటే పాత ముక్క బెంగళూరు జేసీ రోడ్డులోని స్పేర్ పార్టుల షాపులో చూపించి అదే లోపలి వ్యాసంలో కొత్తది తెచ్చుకోండి. బూస్టర్‌కి పల్చటి గొట్టం పెట్టొద్దు, వ్యాక్యూమ్‌కి అణిగిపోయి బూస్టర్ సాయం పోతుంది, బ్రేక్ గట్టిపడుతుంది.

అడుగు ప్యాకింగ్ మార్చేటప్పుడు ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, పెట్రోలు పైపు మూసి, కార్బొరేటర్ విప్పండి. మ్యానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాకే పాత ప్యాకింగ్ గీకాలి, బిగించే ముందు గుడ్డ మర్చిపోకుండా తియ్యాలి. కార్బొరేటర్ అడుగున స్టీల్ స్కేలు నిలబెట్టి సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చండి. 0.10 మి.మీ. బ్లేడు దూరిందంటే అడుగు వంగింది. మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ పేపర్ పరిచి, నీళ్లు చల్లి, ఎనిమిది అంకె గీస్తున్నట్టు రుద్ది చదును చెయ్యండి. కార్బొరేటర్ కింద వేడి ఆపే బేకలైట్ దిమ్మ వంగితే కొత్తదే వెయ్యాలి. రెండు ప్యాకింగ్‌లు పేర్చడం, సిలికాన్ పూయడం మందు కాదు. సిలికాన్ పెట్రోలుకి ఉబ్బి ముక్కలై లోపలికి పోతుంది. నట్లు మార్చి మార్చి మూడు విడతల్లో బిగించండి. అతిగా బిగించడం వల్లే చాలా కార్బొరేటర్ల నట్లు పట్టే చెవులు వంగుతాయి.

థ్రాటిల్ షాఫ్ట్ పైకీ కిందకీ ఊగుతుంటే ఇంట్లో పని కాదు. లేత్ షాపులో కొత్త బుష్ వేయించాలి.

చివర్లో స్క్రూ పని. ఇంజిన్ వేడి మీద మిక్స్చర్ స్క్రూని మెల్లగా మొత్తం బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. ఇంజిన్ బాగా నున్నగా తిరిగే చోట ఆపి, ఐడ్లింగ్‌ని మాన్యువల్ చెప్పిన స్పీడుకి తెచ్చుకోండి. మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్ మీద అడుగు నట్లు ఒకసారి సరిచూడండి. కొత్త ప్యాకింగ్ వేడికి అణిగి అవి కొద్దిగా వదులవుతాయి.