సార్వా తవుడు రాకముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు విప్పి చూడండి

సార్వా (ఖరీఫ్) కోతలు మొదలయ్యాయంటే తణుకు, తాడేపల్లిగూడెం, మండపేట చుట్టుపక్కల రైస్ మిల్లులన్నీ ఒక్కసారే తిరుగుతాయి. తవుడు లారీలు నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు గేటు ముందు బారులు తీరతాయి. తవుడు నిలవ ఉంటే నూనెలో ఆమ్లం పెరిగిపోతుంది. అలాంటి సమయంలో ప్లాంటు ఆపి, లోపలి సాల్వెంట్ ఆవిరిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను విప్పుదామంటే ఏ యజమానీ ఒప్పుకోడు. అందుకే ఈ పని సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ముగించాలి.

తవుడులోంచి నూనె తీసేది హెక్సేన్ అనే సాల్వెంట్ (ద్రావకం). గాలిలో దాని ఆవిరి నూటికి 1.1 వంతు కలిసినా చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఆ ఆవిరి గాలికి దాదాపు 3 రెట్లు బరువు. పైకి పోకుండా నేల మీదే పాకుతూ పంపు గుంటల్లో, కేబుల్ కాలువల్లో చేరి కూర్చుంటుంది. కాబట్టి ఎగ్జాస్ట్ డక్టు (గాలి లాగే గొట్టం) మూతి నేలకు దగ్గరగా ఉండాలి. దాని ముందు డ్రమ్ములో, గోనెసంచులో పెట్టారేమో ముందు అది చూడండి. చాలాచోట్ల ఉంటాయి.

నేను మెయింటెనెన్స్ చూసిన ఒక ప్లాంటులో వానాకాలం రిపేర్ల తర్వాత ఫ్యాను ఆన్ చేశాం. "బానే తిరుగుతుందండి" అన్నాడు వైర్‌మ్యాన్. నిజంగానే తిరుగుతోంది, బయట గొట్టంలోంచి గాలి కూడా వస్తోంది. కానీ పంపుల దగ్గర సాల్వెంట్ వాసన తగ్గట్లేదు. తీరా చూస్తే కేబుల్ మార్చినప్పుడు రెండు ఫేజులు అటూ ఇటూ అయి, ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాను వెనక్కి తిరిగినా గాలిని అదే వైపు తోస్తుంది, కాకపోతే చాలా తక్కువ తోస్తుంది. ఆ రెండు రోజులూ మేమంతా ఆ ఆవిరిలోనే పనిచేశామని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి కేసింగ్ (ఫ్యాను బయటి తొడుగు) మీది బాణం గుర్తుతో పోల్చి చూడకుండా ఏ ఫ్యానునూ వదల్లేదు. గాలి ఎంత లాగుతోందో, గాలి వేగం చూపే అనిమోమీటరుతో ప్రతిసారీ అవే చోట్ల కొలిచి పుస్తకంలో రాయండి. పాత అంకె పక్కన ఉంటేనే కొత్త అంకెకు అర్థం. అగరుబత్తి పొగతో గాలి చూసే అలవాటు కొందరికి ఉంది. ఆ ఆవరణలో దాన్ని అసలు వెలిగించకూడదు.

ఇక అసలు భయం ఇంపెల్లర్‌తోనే, అంటే ఫ్యాను లోపల తిరిగే రెక్కల చక్రంతోనే. ఆవిరిని బయటికి పంపాల్సిన ఫ్యానే రవ్వ పుట్టించగలదు. బేరింగు అరిగితే ఇంపెల్లర్ కిందికి జారి కేసింగ్‌కు రాసుకుంటుంది. ఆ రెంటి మధ్య కనీసం ఎంత సందు ఉండాలో యూరప్ ప్రమాణం ఈఎన్ 14986 ఇంపెల్లర్ కొలతను బట్టి చెబుతుంది. కరెంటు తీసి, ప్యానెల్‌కు తాళం వేసి, ఇంపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ నాలుగు వైపులా కొలవండి.

మన దగ్గర దీనికి తుప్పు తోడవుతుంది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప కేసింగ్ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుముకు అల్యూమినియం గట్టిగా తగిలితే వచ్చే రవ్వ మామూలు రవ్వకన్నా చాలా వేడిది. రైలు పట్టాలను అతికే థర్మిట్‌లో జరిగేదీ ఈ చర్యే. దసరాకు యంత్రాలు మెరవాలని తుప్పు మీదే సిల్వర్ పెయింట్ కొట్టేస్తుంటారు. ఆ పెయింటులో ఉన్నది అల్యూమినియం పొడే. దయచేసి ఆ పని చేయకండి. తుప్పంతా గీకి, వేరే రంగు వేయండి. గీకే పని కూడా ఫ్యానును విప్పి బయటికి తీసుకెళ్లాకే.

ఫ్యానును తిప్పే ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు లోపలికి ఆవిరి పోదని చాలామంది అనుకుంటారు. పోతుంది, లోపల పేలనూ వచ్చు. ఆ మంట మూత అంచుల సన్నని సందులోంచి వచ్చేలోపు చల్లారిపోయేలా మోటారును తయారుచేస్తారు. అందుకే ఒక్క బోల్టు లేకపోయినా, ఆ అంచుల మీద రంగు పడినా, ఎమెరీ పేపరుతో రుద్దినా ఇక దాన్ని నమ్మడానికి లేదు. వాడని కేబుల్ రంధ్రానికి గుడ్డ కుక్కి ఉంచడం నేను చూశాను. అక్కడ సర్టిఫై చేసిన ప్లగ్గే ఉండాలి. నేమ్‌ప్లేట్ మీద గ్యాసు గ్రూపు (ఏ రకం గ్యాసుల్లో వాడొచ్చో), టెంపరేచర్ క్లాసు (ఎంతవరకు వేడెక్కొచ్చో) చదవగలిగేలా ఉండాలి. హెక్సేన్‌కు టీ3 సరిపోతుంది. అంటే మోటారు ఉపరితలం వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటదు.

ఫ్యాను బెల్టులు యాంటీ స్టాటిక్‌వే (స్థిర విద్యుత్తు పోగవనివి) వేయండి. డక్టు మధ్య కాన్వాస్ ముక్క ఉంటే దాని మీదుగా ఎర్తింగ్ తీగ ఉందో లేదో చూడండి. గ్యాస్ డిటెక్టరును మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసి (రీడింగు సరిచేసి) వదిలేస్తే హెక్సేన్‌ను తక్కువగా చూపిస్తుంది.

పేలే ఆవిరి ఉన్నచోట వాడే కరెంటు పరికరాలకు వర్తించే ఐఎస్/ఐఈసీ 60079-17 ప్రమాణం ఇలాంటి తనిఖీల మధ్య గడువు మామూలుగా 3 ఏళ్లు మించకూడదంటుంది. మన ఉప్పుగాలికి అది చాలా ఎక్కువని నా అభిప్రాయం. సార్వాకు ముందొకసారి, దాళ్వాకు (రబీకి) ముందొకసారి చూడాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. ఫ్యాను ఆగిన ఆ అరగంటలో ఆవిరి నేలంతా పరుచుకుని ఉండొచ్చు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పైపులైను గ్యాసు ఎలా పరుచుకుని అంటుకుందో కోనసీమ మర్చిపోలేదు. ముందు చేత్తో పట్టుకునే గ్యాస్ మీటరుతో నేల దగ్గర, గుంటల్లో చూడండి. ఆవిరి లేదని తేలాక ఫ్యాను వేసి, లోపలి గాలి పూర్తిగా మారేదాకా ఆగి, అప్పుడు మిగతా మోటార్లు వేయండి. మీటరు ఆవిరి చూపిస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా మనుషుల్ని బయటికి పంపేయండి.

ఆయుధపూజ కర్పూర హారతి మాత్రం గేటు బయటే ఇవ్వండి. ఫ్యానుకు లోపల పసుపు, కుంకుమ పెడితే చాలు.