జీఆర్ఈ ఖాళీలు: పదాలు వచ్చినా జవాబు ఎందుకు తప్పుతోంది?

భీమవరం, కాకినాడ, అమలాపురం వైపు ఇంజినీరింగ్ చదివి, విదేశాల్లో ఎంఎస్ కోసం జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష రాసే పిల్లల్లో చాలామందికి లెక్కలంటే భయం ఉండదు. టెన్షన్ అంతా వెర్బల్, అంటే ఇంగ్లిష్ భాగం దగ్గరే, అందులోనూ వాక్యంలో ఖాళీ నింపే ప్రశ్నల దగ్గర. పదాలు చాలకే తప్పుతున్నాయనుకుని ఇంకో లిస్టు బట్టీ పడతారు. నేను చూసినంతలో లోపం ఎక్కువగా వాక్యం చదివే పద్ధతిలో ఉంటుంది. మీ సమస్య కింద ఏ చోట ఉందో చూసుకోండి.

ఆప్షన్లలో పదాలన్నీ తెలుసు, అయినా తప్పు పోయింది

కారణం: వాక్యం పూర్తి కాకముందే ఆప్షన్ల మీదికి కన్ను పోవడం. ఐదు పదాలు ఎదురుగా ఉంటే ఏదో ఒకటి అతికినట్టే అనిపిస్తుంది. వాక్యం తెలుగులోనే ఇస్తాను, చూడండి:

‘వరద తీశాక లంక రైతులు కుంగిపోయి ఉంటారని అధికారులు అనుకున్నారు, వాళ్లు మాత్రం వచ్చే పంట గురించి ____గా మాట్లాడారు.’

ఆప్షన్లు: డెస్పాండెంట్, ఇండిజెంట్, సాంగ్విన్, లాకానిక్, వీనల్.

వరద, రైతులు అనగానే మనసు దిగులు వైపు వెళ్లి డెస్పాండెంట్ పట్టుకుంటుంది. లేదంటే పంట పోయింది కదా అని ఇండిజెంట్, అంటే నిరుపేద. రెండూ ప్రశ్న తయారుచేసినవాళ్లు కావాలని పెట్టిన ఎరలు. జవాబు తేల్చేది ‘మాత్రం’ అన్న ఒక్క మాట.

పరిష్కారం: ఆప్షన్లను చేత్తో మూసేయండి. ఖాళీలో మీకు తోచిన తెలుగు మాట పెట్టండి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇందుకు సిగ్గుపడక్కర్లేదు, అర్థం ఏ భాషలో త్వరగా తడితే ఆ భాషే మంచిది. ఇక్కడ ‘ధీమా’ అని పెట్టుకుని చెయ్యి తీస్తే సాంగ్విన్, అంటే ధీమాగా ఉండే, అన్న ఒక్కటే నిలుస్తుంది. మాట తోచకపోతే కనీసం మంచి అర్థమా, చెడ్డ అర్థమా అన్నది తేల్చుకోండి. దానితోనే సగం ఆప్షన్లు ఎగిరిపోతాయి.

నా జవాబు సరైనదానికి పూర్తిగా వ్యతిరేకంగా వచ్చింది

కారణం: వాక్యాన్ని మలుపు తిప్పే మాట జారిపోయింది. ఆల్‌దో, డిస్పైట్ లాంటివి అందరూ పట్టేస్తారు. దెబ్బ తీసేవి అమాయకంగా కనిపించేవి. ‘ఫర్ ఆల్ హిజ్ వెల్త్’ అంటే ‘ఎంత డబ్బున్నా’. ‘ఎనీథింగ్ బట్ సింపుల్’ అంటే అస్సలు సులువు కాదని. ‘హార్డ్‌లీ’కి కష్టంతో పని లేదు, దాదాపు లేదని అర్థం. ‘నాట్ సో మచ్ లేజీ యాజ్ టైర్డ్’ అంటే బద్ధకం అనేకంటే అలసట అనడం సబబని.

పరిష్కారం: ఇలాంటివి తగిలినప్పుడల్లా నోట్‌బుక్‌లో పక్కన తెలుగు వేసి రాసుకోండి. ఇవి వేలల్లో ఉండవు. కొత్త పదాల లిస్టు కంటే ముందు ఈ పేజీ నిండాలి. కోలన్ కనిపిస్తే దాని తర్వాతి భాగం మొదటిదాన్ని వివరిస్తుందని గుర్తుంచుకోండి, చాలాసార్లు సూచన అక్కడే దొరుకుతుంది.

తేలికైన పదాల దగ్గరే దెబ్బతింటున్నాను

కారణం: ఆ పదాలు మనకు తెలుగు మాటల్లో కలిసిపోయి ఒకే అర్థంతో తెలుసు. లోన్ శాంక్షన్ అయిందంటాం, కానీ శాంక్షన్ అంటే ఆంక్ష, శిక్ష కూడా. పరీక్షలో క్వాలిఫై అయ్యాడంటాం, కానీ ఒక వాదనను క్వాలిఫై చేయడమంటే దానికి షరతు చేర్చి బలం తగ్గించడం. చెక్ అంటే అదుపు చేయడం, టెంపర్ అంటే తీవ్రత తగ్గించడం కూడా ఉంది. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే పక్షపాతం లేని అని.

పరిష్కారం: నిఘంటువులో మొదటి అర్థం దగ్గర ఆగకండి. రెండోది, మూడోది వాక్యంతో సహా రాసుకోండి.

రెండు, మూడు ఖాళీల ప్రశ్నల్లో మార్కు రావడం లేదు

అన్ని ఖాళీలూ సరిపోతేనే మార్కు, సగం మార్కులు ఉండవు. మొదటి ఖాళీతోనే మొదలుపెట్టాలన్న నియమమేమీ లేదు. సూచన గట్టిగా ఉన్నదాన్ని ముందు నింపి, చివర్లో వాక్యం మొత్తం ఒకసారి చదవండి.

సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో జంట దొరికింది, జవాబు తప్పు

ఈ రకం ప్రశ్నలో ఒకే ఖాళీకి, వాక్యం అర్థం ఒకేలా వచ్చే రెండు పదాలు ఎంచుకోవాలి. కారణం: ఆరు ఆప్షన్లలో ఒకటికి మించి జంటలు ఉండొచ్చు. ట్యాసిటర్న్, రెటిసెంట్ రెండూ మితభాషికి చెప్పే మాటలు. గ్యారులస్, లొక్వేషియస్ రెండూ వాగుడుకాయకి. జంట కనబడగానే గుర్తు పెట్టేస్తే అది వాక్యానికి అతకాలన్న సంగతి మర్చిపోతారు. ఇక్కడా ముందు మీ తెలుగు మాట, తర్వాత జంట. ఒక పదం చక్కగా అతికినా దానికి జోడీ లేకపోతే వదిలేయండి.

టైమ్ చాలడం లేదు

2023 సెప్టెంబరు నుంచి పరీక్ష కుదించారు. వెర్బల్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, రెండోదానిలో 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. పాసేజ్‌లకు సమయం మిగలాలంటే ఖాళీ ప్రశ్న సగటున ఒక నిమిషంలో తేలిపోవాలి. తేలకపోతే ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి ముందుకు వెళ్లండి. నెగటివ్ మార్కులు లేవు, అదే సెక్షన్‌లో వెనక్కి రావచ్చు.

సీనియర్ ఇచ్చిన పుస్తకం చేస్తుంటే అంతా వేరేలా ఉంది

అందులో యాంటనిమ్స్, అనాలజీస్ ఉంటే అది 2011 ఆగస్టుకు ముందు పద్ధతి. పక్కన పెట్టేయండి.

ప్రాక్టీసులో బాగానే వస్తోంది, మాక్‌లో పడిపోతోంది

ఒకే సెట్టు మళ్లీ మళ్లీ చేస్తే జవాబులు గుర్తుండి వస్తాయి. తప్పైన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి: పదం తెలియలేదా, మలుపు జారిందా, ఆప్షన్లు ముందే చూశారా? నాలుగు సెట్లు అయ్యేసరికి ఏది ఎక్కువో తెలుస్తుంది, పనంతా దాని మీదే పెట్టండి. జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ వాళ్ల ఆన్‌లైన్ ప్రాక్టీస్ పవర్‌ప్రెప్‌లో రెండు పూర్తి టెస్టులు ఉచితంగా ఉన్నాయి. రెండూ మొదటి వారంలోనే వాడేయకండి. ఒకటి ఇప్పుడు రాయండి, రెండోది పరీక్షకు పది, పదిహేను రోజుల ముందుకు దాచుకోండి.