కిటికీ పక్క సీటు దొరికిందా? అయితే ఫిజిక్స్ అక్కడే మొదలుపెట్టండి

రైల్లో పిల్లలు అడిగే ప్రశ్నలు ఎప్పుడైనా విన్నారా? చందమామ మనతోపాటే ఎందుకొస్తున్నాడు, పక్క బండి కదిలితే మన బండి కదిలినట్టు ఎందుకుంటుంది, ఇంత స్పీడుగా పోతున్నప్పుడు పైకి ఎగిరితే వెనక పడాలి కదా మరి ఎందుకు పడం. "అదంతే, నువ్వు పడుకో" అంటారు పెద్దవాళ్లు, ఎందుకంటే చాలాసార్లు వాళ్లకీ తెలీదు. ఈ ప్రశ్నలకు జవాబు కనుక్కోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక ఫోను, మీటరు పొడవు దారం, తాళాల గుత్తి, రూపాయి బిళ్ల, ఒక చదరపు కాగితం ఉంటే చాలు. కిటికీలోంచి చేయి బయట పెట్టే పనీ లేదు, డోరు దగ్గర నిలబడే పనీ లేదు.

ముందు ఒక అలవాటు చేసుకోండి. "కదులుతోంది" అని ఎవరన్నా "దేనితో పోలిస్తే?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం చిక్కుముళ్లు విడిపోతాయి, మిగతా సగానికి అంకెలు కావాలి.

అంకెల్లో మొదటిది మీ బండి వేగం. యాప్‌లో చూసెయ్యొచ్చు, కానీ అప్పుడే వద్దు, ముందు మీరు కొలిచి తర్వాత సరిచూసుకోండి. స్కూల్లో వేగం అంటే దూరం బై కాలం అని బట్టీ పట్టించారు గానీ, దాన్ని ఎక్కడ వాడాలో చెప్పినవాళ్లు తక్కువ. పట్టాల పక్కన కరెంటు తీగలు మోసే స్తంభాలకు చిన్న పలక ఉంటుంది, పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో స్తంభం వరుస సంఖ్య. పై అంకె మారగానే స్టాప్‌వాచ్ నొక్కండి, మళ్లీ మారగానే ఆపండి, 3600ని వచ్చిన సెకన్లతో భాగించండి. 45 సెకన్లు పడితే గంటకు 80 కిలోమీటర్లు, 36 పడితే 100, 30 పడితే 120. ఒక్క సెకను అటూ ఇటూ నొక్కినా 100 దగ్గర దాదాపు 3 కిలోమీటర్ల తేడా వస్తుంది కాబట్టి, ఓపిక ఉంటే వరసగా 5 కిలోమీటర్లు కొలిచి 18000ని భాగించండి, తప్పు అయిదో వంతుకు పడిపోతుంది.

రాత్రి పలకలు కనపడకపోతే చెవితో కొలవచ్చు. పాతకాలపు పట్టా ముక్క పొడవు 13 మీటర్లు, అతుకు వచ్చిన ప్రతిసారీ కింద టకటకమంటుంది. రెండు చక్రాలు వెంటవెంటనే దాటుతాయి కనుక ఆ జంట చప్పుడును ఒకటిగా లెక్కపెట్టండి. 47 సెకన్లలో ఎన్ని వస్తే గంటకు దాదాపు అన్ని కిలోమీటర్లు, భాగహారం కూడా అక్కర్లేదు. ఇప్పుడు మెయిన్ లైన్లలో పట్టాలను వెల్డింగ్ చేసేశారు కాబట్టి ఈ టకటక చాలాచోట్ల వినపడదు, అది వేరే సంగతి. రాజమండ్రి దగ్గర గోదావరి ఆర్చ్ బ్రిడ్జి మీదుగా మీ బండి పోతుంటే అదింకా సులువు. మొత్తం 28 ఆర్చ్‌లు, ఒక్కోటీ దాదాపు 97 మీటర్లు. ఒక్కో ఆర్చ్ దాటడానికి 5 సెకన్లు పడితే మీరు 70లో ఉన్నట్టు.

ఇప్పుడు ఎదురు బండి. అది మీ కిటికీ ముందు నుంచి ఇంజను మొదలు చివరి పెట్టె దాకా ఎన్ని సెకన్లలో పోయిందో చూడండి. ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పెట్టె ఒక్కోటీ దాదాపు 24 మీటర్లు, 22 పెట్టెలు, ఒక ఇంజను కలిపితే సుమారు 550 మీటర్లు. 10 సెకన్లలో పోయిందంటే సెకనుకు 55 మీటర్లు, అంటే గంటకు 198. మీరు 100లో ఉంటే అది 98లో వస్తోంది. మీతో పోలిస్తే 198, ప్లాట్‌ఫాంతో పోలిస్తే 98, రెండూ నిజమే.

బండి ఒకే వేగంతో సాఫీగా పోతున్నప్పుడు, గాలి తగలకుండా కిటికీ దించేసి, రూపాయి బిళ్లను అరమీటరు ఎత్తుకు నిటారుగా ఎగరేయండి. పైకి వెళ్లి కిందికి రావడానికి 0.64 సెకను పడుతుంది, ఈలోగా 100లో ఉన్న బండి దాదాపు 18 మీటర్లు ముందుకు పోతుంది, బిళ్ల మాత్రం మీ చేతిలోనే పడుతుంది. ఎందుకంటే చేతిని వదిలేటప్పటికే దానికీ బండి వేగమే ఉంది, మధ్యలో ఆ వేగాన్ని తీసేసేవాళ్లు ఎవరూ లేరు. బ్రేకు వేస్తున్నప్పుడు ఎగరేయండి, ఓ అయిదారు సెంటీమీటర్లు ముందుకు పడుతుంది. అంటే మనకు తెలిసేది వేగం కాదు, వేగంలో మార్పు. హెలికాప్టర్ ఎక్కి గాల్లో ఆగిపోతే భూమి తిరిగి అమెరికా కిందికి రాదా అనే ప్రశ్నకూ ఇదే జవాబు. హైదరాబాద్ దగ్గర నేల గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది, హెలికాప్టరూ, దాని చుట్టూ ఉన్న గాలీ అదే వేగంతో తిరుగుతున్నాయి. వీసా బాధ తప్పదు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది దారం. మీటరు దారానికి తాళాల గుత్తి కట్టి పైబెర్త్ కడ్డీకి వేలాడదీయండి. బండి నిలబడి ఉన్నప్పుడు గుత్తి ఎక్కడుందో కింద సీటు మీద చాక్‌పీసుతోనో పెన్నుమూతతోనో గుర్తు పెట్టుకోండి. బండి కదిలి వేగం అందుకుంటుంటే గుత్తి వెనక్కి జరిగి అక్కడే ఆగుతుంది, ఊగుతుంది కాబట్టి ఊగులాట మధ్యలో ఎక్కడుందో చూడాలి. మీటరు దారానికి ఒక్కో సెంటీమీటరూ 0.1 త్వరణం, అంటే బండి వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 0.1 మీటరు చొప్పున పెరుగుతోందన్నమాట. 3 సెంటీమీటర్లు జరిగితే 0.3. అలాగే ఒక నిమిషం కొనసాగితే 0.3 ఇంటూ 60, సెకనుకు 18 మీటర్లు, అంటే గంటకు 65 కిలోమీటర్లు. ఆ నిమిషం చివర స్తంభాల పలకలు చూసి సరిచూసుకోండి, దగ్గరగా వస్తుంది. బ్రేకు వేస్తే గుత్తి ముందుకు పోతుంది, మలుపులో బయటివైపుకు జరుగుతుంది. మలుపులో అనుకున్నంత జరగలేదంటే కంగారు పడకండి, బయటి పట్టాను కావాలనే ఎత్తుగా వేస్తారు, పెట్టె మొత్తం లోపలికి ఒరిగి కొంత తేడాను మింగేస్తుంది.

ఇక్కడో తమాషా ఉంది. వంద మీటర్లకు ఒక మీటరు ఎక్కే దారిలో, బండి ఒకే వేగంతో పోతున్నా గుత్తి ఒక సెంటీమీటరు వెనక్కే ఉంటుంది. బండి వేగం పెరుగుతోందా, లేక ఎగువకు పోతోందా అన్నది కిటికీలు మూసుకుని దారాన్ని మాత్రమే చూస్తే మీరు చెప్పలేరు. ఇలా గురుత్వాన్నీ త్వరణాన్నీ వేరు చేయలేకపోవడాన్నే పట్టుకుని ఐన్‌స్టీన్ 1907లో ఆలోచన మొదలుపెట్టాడు, 1915 నాటికి అది సాధారణ సాపేక్షత అనే గురుత్వ సిద్ధాంతం అయింది.

స్టేషన్లో పక్క బండి కదిలినప్పటి భ్రమకు కూడా ఈ దారమే మందు. మనం నిజంగా బయల్దేరితే గుత్తి వెనక్కి జరగాలి, జరగలేదంటే కదిలింది పక్కదే. ఆర్యభటుడు 499లో చెప్పింది ఈ భ్రమ గురించే. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించడమూ అలాంటిదే అన్నాడు. కదిలేది ఆకాశం కాదు, మనమే.

చందమామ దగ్గరికి వద్దాం. ముందు ఒక కొండతో మొదలుపెట్టండి. విజయవాడ నుంచి విశాఖ వెళ్లేటప్పుడు అన్నవరం, తుని ప్రాంతంలో ఎడమ వైపు కొండలు బాగా కనిపిస్తాయి. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడవండి, మడత 45 డిగ్రీల కోణం ఇస్తుంది. కాగితం అంచును కిటికీ గడపకు ఆనించి, మడత ముందువైపు చూసేలా పట్టుకోండి. ఒక కొండ కొసను ఎంచుకుని, అది మడత వెంబడి కనపడగానే స్తంభం పలక మీది అంకె రాసుకోండి. అదే కొస మీకు సరిగ్గా ఎదురుగా, కిటికీకి లంబంగా వచ్చినప్పుడు మళ్లీ రాసుకోండి. మధ్యలో బండి 4 కిలోమీటర్లు పోయిందంటే కొండ పట్టాలకు 4 కిలోమీటర్ల దూరంలో ఉంది. లైను తిన్నగా ఉన్నచోటే ఇది కుదురుతుంది, మలుపులుంటే వదిలేయండి. కొండ మీదికి ఒక్క అడుగు వేయకుండా దాని దూరం చెప్పడం ఎంత బాగుంటుందో పిల్లలతో చేయించి చూడండి.

ఇదే లెక్క చందమామకు వేయండి. అది 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంది. మీరు 100 కిలోమీటర్లు పోయినా మీ ప్రయాణం వల్ల దాని దిశలో వచ్చే తేడా చందమామ వెడల్పులో 35వ వంతు. కళ్లకు ఏం తెలుస్తుంది? స్తంభాలు రయ్యిన పోతాయి, చెట్లు మెల్లగా పోతాయి, కొండలు ఇంకా మెల్లగా, చందమామ అసలు పోడు. పోనివాడు వెంట వస్తున్నట్టే కదా.

చీకటి పడ్డాక కిటికీ అద్దంలో బయటికి బదులు మన మొహమే కనపడుతుంది. అద్దం పగలు కూడా కొంచెం వెలుతురును వెనక్కి తిప్పుతూనే ఉంటుంది, బయటి వెలుగు ముందు అది తేలిపోతుంది, అంతే. ఏసీ పెట్టెలో రెండు పొరల అద్దం ఉంటుంది కనుక లైటు ప్రతిబింబం జంటగా కనపడుతుంది. పగలైతే ఫోను అడ్డంగా పట్టుకుని దగ్గరి స్తంభాలను ఫొటో తీయండి, స్తంభం ఒరిగిపోయి వస్తుంది. కెమెరా ఫొటోను ఒకేసారి తీయదు, వరస తర్వాత వరస చదువుతుంది. పైనుంచి కిందికి చదవడానికి ఒక సెకనులో యాభయ్యో వంతు పట్టిందనుకోండి, 100లో ఉన్న బండి ఆలోపు అరమీటరు దాటి పోతుంది.

ఇక కాంతి. దాని వేగాన్ని మాత్రం స్టాప్‌వాచ్‌తో పట్టలేరు. హైదరాబాద్ నుంచి విశాఖ దూరం దానికి సెకనులో అయిదొందలో వంతు పని. గెలీలియో లాంతర్ల మూతలు తీసి కొలవాలని చూశాడు, అంత తక్కువ దూరంలో ఏమీ తేలలేదు. 1676లో రోమర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహానికి పట్టే గ్రహణాలను గమనించి, భూమి గురుగ్రహానికి దూరం జరిగేకొద్దీ అవి ఆలస్యంగా వస్తున్నాయని పట్టుకున్నాడు. అలా కాంతికి కూడా ప్రయాణానికి టైము పడుతుందని తేలింది. ఇప్పుడు దాని విలువ సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు. చందమామ నుంచి 1.3 సెకన్లు, సూర్యుడి నుంచి 8 నిమిషాల 20 సెకన్లు. మీ 100 స్పీడు బండికైతే చందమామ 160 రోజులు, సూర్యుడు 171 ఏళ్లు, మధ్యలో క్రాసింగులు లేకపోతే.

మరి రైలు హెడ్‌లైటు వెలుగు 100 ఎక్కువ వేగంతో పోవాలి కదా? మన ఎదురు బండి లెక్క ప్రకారం పోవాలి. పోదు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు తిరుగుతోంది కాబట్టి కాంతి వేగంలో దిశను బట్టి తేడా దొరకాలని వెతికారు, దొరకలేదు. "దేనితో పోలిస్తే?" అని అడిగితే కాంతి ఎవరికైనా ఒకటే అంకె చెబుతుంది. 1905లో ఐన్‌స్టీన్ దీన్ని అలాగే ఒప్పేసుకుని, అయితే మారాల్సింది కాలమూ, పొడవూ అన్నాడు. మీ బండిలో కూడా మారుతున్నాయి, 130 వేగంతో 10 గంటలు పోతే స్టేషన్ గడియారం కన్నా మీ వాచీ ఒక నానో సెకనులో (అంటే సెకనులో వందకోట్లో వంతులో) పావు వంతు వెనకబడుతుంది. నవ్వకండి, జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు వేగం వల్ల రోజుకు 7 మైక్రో సెకన్లు (ఒక్కోటీ సెకనులో పదిలక్షలో వంతు) వెనకబడి, గురుత్వం తక్కువ కావడం వల్ల 45 ముందుకు పోతాయి. ఆ 38 తేడాను సరిచేయకపోతే మీ ఫోను చూపించే చోటు రోజుకు కిలోమీటర్ల లెక్కన తప్పిపోతుంది.

చివరిగా, అందరూ అడిగే ప్రశ్న: కాంతి వేగంతో పోతూ ఎదురుగా అద్దం పెట్టుకుంటే మొహం కనపడుతుందా? బరువున్నది ఏదీ ఆ వేగాన్ని అందుకోలేదు, కాబట్టి 99 శాతం అనుకుందాం. కనపడుతుంది, మామూలుగానే. అద్దం అరమీటరు దూరంలో ఉంటే వెలుగు వెళ్లి రావడానికి మీ లెక్కలో 3.3 నానో సెకన్లు. ప్లాట్‌ఫాం మీద నిలబడినవాడి లెక్కలో అదే పనికి దాదాపు 23.6, ఎందుకంటే అతడికి అద్దం వెలుగు నుంచి దూరంగా పరుగెడుతూ కనిపిస్తోంది. ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. ఈ ఏడు రెట్ల తేడాను మీరే తేల్చుకోవచ్చు: వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేయండి, దాన్ని 1లోంచి తీసేయండి, వర్గమూలం కట్టి 1ని దాంతో భాగించండి. మీ రైలు వేగం వేసి చూస్తే చాలా ఫోన్ కాలిక్యులేటర్లు 1 అనే చూపిస్తాయి, అంకెలు చాలవు పాపం. అప్పుడు ఆ వర్గాన్ని సగం చేసి ప్రయాణం పట్టిన సెకన్లతో గుణించండి, మీ వాచీ ఎంత వెనకబడిందో వచ్చేస్తుంది.